మూరెడు తాడు

తాళాల షాపు మీది గది,
మార్చి 9

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు మూడు ముక్కల్లో ముగించేస్తావు. "బాగున్నాను. నువ్వెలా ఉన్నావ్? సరే, బండి తియ్యాలి." అందుకే కాగితం పట్టాను. కాగితమైతే మధ్యలో బండి తియ్యలేవు కదా.

నీకో వింత చెప్పాలి. నేను పరుగెత్తుతున్నాను. నవ్వకు. ఆస్పత్రి లాండ్రీలో పదిహేనేళ్ళుగా తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ నడుం పట్టేస్తోందని మా పళ్ళ డాక్టరమ్మతో చెప్పాను. అవును, నడుంనొప్పి సంగతి పళ్ళ డాక్టరుకే చెప్పాను. ఆవిడ నా నోట్లో చెయ్యి పెట్టి కబుర్లు చెబుతుంది, నేను ఆ, ఆ అంటుంటాను. ఆ రోజు చెయ్యి తీశాక, "గురువారం సాయంత్రం క్వారీ దగ్గరికి రా, మాతో పరుగెత్తు" అంది.

ఊరి చివర పాత రాతి క్వారీ ఉంది. దాని వెనక కొండ, కొండ నిండా చెట్లు, అవతల ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయరు. ప్రతి గురువారం నలభై మంది దాకా ఆ కాలిబాటల మీద పరుగెత్తుతారు. టీచర్లు, ఒక ప్లంబరు, ఒక జడ్జిగారు, పోస్టాఫీసులో పనిచేసే ఒక అబ్బాయి. అతన్ని రాకెట్టు అంటారు. ఎప్పుడూ అందరికంటే ముందు వచ్చేసి, మేము చేరేసరికి తల కూడా దువ్వుకుని నిలబడి ఉంటాడు. నేను మొదటి నెలంతా అందరికంటే వెనక. నా వెనక ఎవరున్నారా అని చూస్తే కొండే ఉండేది.

మొన్న గురువారం క్వారీ దగ్గర ఒకాయన నిలబడి ఉన్నారు. అరవై ఏళ్ళుంటాయి. వెదురుకర్రలాంటి మనిషి. చేతిలో మూరెడు తాడు, రెండు కొసలకీ ఉచ్చులు. ఆయనకి కళ్ళు కనపడవు. పియానోలు, గిటార్లు శ్రుతి చేస్తారు, అందుకని అందరికీ శ్రుతి మాస్టారు. పదకొండేళ్ళుగా ఆ కొండ మీద పరుగెత్తుతున్నారట! తాడు ఒక కొస ఆయన మణికట్టుకి, రెండో కొస చూపున్న మనిషి మణికట్టుకి. ఇన్నాళ్ళూ ఆ చూపున్న మనిషి ప్లంబరు. ఇప్పుడు అతని మోకాలు మొరాయించింది.

డాక్టరమ్మ నన్నూ ఆయన్నీ పక్కపక్కన నిలబెట్టి, బట్టలకి కొలతలు తీస్తున్నట్టు చూసి, "ఎత్తు సరిపోయింది. నువ్వే" అంది.

"నేనా? నాకే దారి సరిగ్గా తెలీదు!"

మాస్టారు నవ్వారు. "ఇద్దరం కలిసి తప్పిపోదాంలే అమ్మా. ఒక్కళ్ళే తప్పిపోవడం కంటే నయం."

అన్నయ్యా, భయంభయంగానే ఆ కొస వేసుకున్నాను. కాని వంద గజాలు పోయేసరికి ఏదో తెలిసిన పనిలాగే అనిపించింది. లాండ్రీలో పెద్ద దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఆ కొస పట్టుకున్న మనిషి ఎటు తిప్పబోతోందో గుడ్డలోంచి చేతికి తెలిసిపోతుంది. మాట అక్కర్లేదు. ఇదీ అంతే. నేను కుడికి ఒరిగితే తాడు ముందే చెప్పేస్తోంది. మాటలు రాళ్ళకీ వేళ్ళకీ కొమ్మలకీ మాత్రమే. "ఎత్తు. వేరు. వంగండి."

జూన్ ఇరవై ఒకటిన, ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పగలున్న రోజు సాయంత్రం, క్లబ్బు పందెం. తొమ్మిది కిలోమీటర్లు. మాస్టారు పరుగెత్తుతారు. అంటే నేనూ పరుగెత్తాలి.

వదినని అడిగానని చెప్పు.

నీ పిచ్చుక


డిపో విశ్రాంతి గది,
మార్చి 21

పిచ్చుకా,

ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. చిన్నప్పుడు బడి గంట కొట్టాక కూడా నెత్తిన నీళ్ళకుండ ఉన్నట్టు నడిచేదానివి. నువ్వు పరుగెత్తడం, పైగా ఇంకొకరిని లాక్కుని! మీ వదినకి చదివి వినిపిస్తే, "ఆవిడ నడుం సంగతి నాతో చెప్పదు గాని పళ్ళ డాక్టరుకి చెబుతుందా" అని అలిగింది.

ఇక్కడ అంతా మామూలే. ఇరవై రెండేళ్ళుగా అదే రూటు. డిపో నుంచి వంతెన, సిమెంటు ఫ్యాక్టరీ, కొండదారి, చివరి స్టాపు, మళ్ళీ వెనక్కి. కండక్టరు కూడా అతనే, రోజుకి పది మాటలకి మించి మాట్లాడని మనిషి. కూరగాయల మార్కెట్టు మలుపులో పోయిన వారం కరెంటు స్తంభానికి తగిలి పక్క అద్దం పగిలింది. స్తంభం కాస్త ముందుకి జరిపినట్టున్నారు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి, డిపోలో అందరికీ నవ్వులాట అయిపోయింది. నేనే అడిగి సాయంత్రం బండి మానేసి పొద్దుటి బండికి మారాను. వయసు వస్తోంది కదా, తొందరగా ఇల్లు చేరొచ్చు. కాని మనుషులు తక్కువై వారానికి రెండు సాయంత్రాలు తప్పడం లేదు.

ఆ మాస్టారికి చూపు ఎలా పోయిందంటావ్? ఒక్కసారిగానా, మెల్లగానా? పుట్టుకతో అయితే అలవాటైపోతుంది. మధ్యలో పోయినవాళ్ళు ఎలా బతుకుతారో! ఊరికే, తెలుసుకోవాలని. సందర్భం వస్తే అడుగు.

జాగ్రత్త. మంచి బూట్లు కొనుక్కో.

అన్నయ్య


లాండ్రీ, మధ్యాహ్నం విరామం,
ఏప్రిల్ 6

అన్నయ్యా,

అడిగాను. నీకు తెలియాలని ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మాస్టారు ముప్పై ఎనిమిదేళ్ళ దాకా అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవారట. మొదట పోయింది సాయంత్రాలు. పగలంతా బాగానే ఉండేదట. పొద్దు వాలేసరికి అందరికంటే ఓ గంట ముందే ఆయనకి చీకటి పడిపోయేదట. తర్వాత అంచులు పోయాయి. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నది కనపడదు. తలుపులకి భుజాలు కొట్టుకునేవారు. వీధిలో పక్కనుంచి పలకరిస్తే పొగరుతో పలకలేదనుకునేవారు జనం.

"ఎవరికీ చెప్పలేదా మాస్టారూ?" అన్నాను.

"రెండేళ్ళు చెప్పలేదమ్మా. దాచడమే పెద్ద ఉద్యోగమైపోయింది. ఎవరితో నడిచినా వాళ్ళ వెనకే నడవడం, మెట్ల దగ్గర బూటు లేసు కట్టుకున్నట్టు నటించడం. ఒక రోజు మిషన్లో వేలు పెట్టాను." ఎడమచేతి చిటికెనవేలు చూపించారు. పైకణుపు లేదు. "అది పోయాకే నోరు తెరిచాను. వేలు నాది కాబట్టి సరిపోయింది. పక్కవాడిది కూడా అయ్యుండొచ్చు."

ఇంకొకటి కూడా చెప్పాలి, నన్ను తిట్టకు. పోయిన గురువారం నావల్ల ఆయన పడిపోయారు. ఎండాకులు కప్పేసిన వేరు ఒకటి, నేను చూశాను, చూసి కూడా "వేరు" అనడం అర క్షణం ఆలస్యం చేశాను. బోర్లా పడ్డారు. గడ్డం చీరుకుపోయి రక్తం. నేను అక్కడే కూచుని ఏడ్చేశాను. ఆయన లేచి, ఒళ్ళు దులుపుకుని, తాడు వెతుక్కుని, కొస నావైపు చాపారు. "పడ్డది నేనైతే ఏడుపు నీకెందుకమ్మా? పద, చల్లబడితే నొప్పెడుతుంది."

ఆ కొస మళ్ళీ చేతికి వేసుకోవడం, అన్నయ్యా, నా బతుకులో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. నన్ను నమ్మడానికి ఆయన ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు. నన్ను నేను నమ్మడానికే మిగతా దారంతా పట్టింది.

నీ ఉత్తరంలో గీతలన్నీ కిందికి జారిపోయాయేం? ఒక గీత మీద ఇంకో గీత ఎక్కేసింది కూడా. కదిలే బస్సులో రాశావా?

నీ పిచ్చుక


డిపో,
ఏప్రిల్ 19

పిచ్చుకా,

ఉత్తరం అందింది. ఆ పరుగు మానెయ్యి. నీకెందుకు లేనిపోని బాధ్యత? ఇవాళ గడ్డం చీరుకుంది, రేపు కాలు విరిగితే ఆయన వాళ్ళొచ్చి నిన్ను నిలదీస్తారు. కళ్ళు లేనాయన ఇంట్లో కూర్చుని తన పని తను చేసుకోకుండా కొండలెక్కడం ఏమిటి?

ఆయన సంగతులు ఇక నాకు రాయకు. వినడానికి బాగోలేదు.

మీ వదిన కులాసా. నేను కులాసా.

అన్నయ్య


తాళాల షాపు మీది గది,
మే 2

అన్నయ్యా,

నీ ఉత్తరానికి రెండు రోజులు కోపమొచ్చింది. మూడో రోజు భయమేసింది.

నువ్వు అలా మాట్లాడే మనిషివి కావు. నాన్న పోయినప్పుడు కూడా నాతో గట్టిగా మాట్లాడలేదు.

మొన్న కొండ ఎక్కుతుంటే మాస్టారు అడిగారు. "నా చూపు ఎలా పోయిందో మీ అన్నయ్యగారు అడగమన్నారన్నావు. ఆయనేం చేస్తారమ్మా?"

"బస్సు డ్రైవర్ మాస్టారూ."

అంతే, తాడు బిగుసుకుంది. ఆయన ఆగిపోయారు. నేను రాయేమో అనుకున్నాను. "ఆ ప్రశ్న ఊరికే అడగరమ్మా. ఒక్కసారిగా పోయిందా, మెల్లగానా అని... నేను కూడా ఒకప్పుడు ఇంకొకరి చేత అలాగే అడిగించాను" అన్నారు.

అప్పుడు నాకు ఒకటొకటే కళ్ళముందుకొచ్చింది. జారిపోయిన గీతలు. ముందుకి జరిగిన స్తంభం. సాయంత్రం బండి మానుకోవడం. పోయినేడు నేను వచ్చినప్పుడు వరండాలో దీపం వెయ్యలేదని వదిన మీద విసుక్కున్నావు, అప్పటికింకా పొద్దే పోలేదు.

సూటిగా అడుగుతున్నాను. నీకు సాయంత్రాలు కనపడుతున్నాయా?

అబద్ధం రాయకు. రాయలేకపోతే రాయకు. కాని అబద్ధం రాయకు.

నీ పిచ్చుక


ఇల్లు,
మే 25

పిచ్చుకా,

మూడు వారాలు నీ ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది. చాకలికి వేసేటప్పుడల్లా తీసి ఇంకో జేబులోకి మార్చాను.

కనపడడం లేదు.

ఏడాదిన్నర అయింది. పగలు ఏ బాధా లేదు. పొద్దు వాలిందంటే రోడ్డు గోధుమరంగై, తర్వాత ఏ రంగూ లేకుండా పోతుంది. ఎదురు బండి దీపాలు తప్ప ఏమీ ఉండవు. పక్కనున్నవి అసలే లేవు. నీకు తెలీకుండా ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, వేరే ఊళ్ళో, వేరే పేరు చెప్పి. కంటి వెనక పొర ఎండిపోతోందన్నాడు. రేచీకటితో మొదలవుతుందన్నాడు. మందు లేదన్నాడు. బండి నడుపుతారా అని అడిగాడు. కొట్టు నడుపుతానని చెప్పాను.

నీ మాస్టారి సంగతి చదివినప్పుడు నా సంగతి ఎవరో నాకంటే ముందే రాసిపెట్టినట్టు అనిపించింది. అందుకే మండింది. ఆ మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకి చెప్పకు.

మే ఏడో తారీకు, సాయంత్రం బండి. నలభై ఒక్కమంది. సిమెంటు ఫ్యాక్టరీ దాటాను. కండక్టరు ఒక్కసారిగా "అన్నా!" అని అరిచాడు. రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి అరిస్తే కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బస్సు ముందు, నువ్వూ నేనూ భోజనానికి కూర్చునేంత దూరంలో, ఒకావిడ. తోపుడుబండి నెట్టుకుంటూ రోడ్డు దాటుతోంది. బండి మీద గిన్నెలు, గిన్నెల పక్కన చంటిపాప. ఆవిడ నన్ను తిట్టలేదు. చేయెత్తి మొక్కింది. నేను చూసి ఆపాననుకుంది.

పిచ్చుకా, నాకు ఆవిడ కనపడలేదు. ఆగాక, కండక్టరు చూపించాక, చాలాసేపటికి కనపడింది.

మర్నాడు నడుంనొప్పని సెలవు పెట్టాను. జూలై ఒకటిన మళ్ళీ ఎక్కాలి. ఎవరికీ చెప్పలేదు. మీ వదినకి కూడా చెప్పలేదు, నువ్వూ చెప్పకు. పొద్దుటి బండి మాత్రమే ఇస్తే ఏ ఇబ్బందీ ఉండదని ఒక మనసు అంటుంది. రెండో మనసు ఏమంటుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇరవై రెండేళ్ళు. ఆ సీటు కాకపోతే నేనెవరినో నాకు తెలీదు.

అన్నయ్య


లాండ్రీ,
జూన్ 1

అన్నయ్యా,

చదివి, ఇస్త్రీ బల్ల కింద కూచుని ఏడ్చాను. తర్వాత మా ఆస్పత్రిలోనే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను, నీ పేరు లేకుండా. తోబుట్టువులకీ రావచ్చని నా కళ్ళు కూడా చూశాడు. నాకు లేదు. లేదనగానే సంతోషించాలో సిగ్గుపడాలో తెలీలేదు.

నిన్ను తిట్టను. డిపోకి నేను ఫోన్ చెయ్యను. చెయ్యాల్సింది నువ్వు. కాని జూలై ఒకటిన నువ్వు ఆ సీటెక్కితే, ముందు రోజే వచ్చి డిపో గేటు దగ్గర ఆ బస్సుకి అడ్డంగా నిలబడతాను. నీకు నేను కనపడకపోయినా సరే.

నీ పిచ్చుక


తాళాల షాపు మీది గది,
జూన్ 22

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అయినా రాస్తున్నాను. నిన్న సాయంత్రం చూసింది ఎవరికైనా చెప్పకపోతే నా గుండె పట్టేలా లేదు. చెప్పాలంటే నువ్వే.

ఆరు గంటలకి క్వారీ దగ్గర నలభై ఆరుమందిమి. ఎండ ఇంకా రాళ్ళ మీద వేడిగా ఉంది. డాక్టరమ్మ చేతిలో విజిల్. రాకెట్టు ముందు వరసలో గెంతుతున్నాడు. మేమిద్దరం అందరికంటే వెనక, తాడు ఊగకుండా పట్టుకుని. మాస్టారు మొహం పైకెత్తి గాలి పీల్చారు. "ఇవాళ రిజర్వాయరు నిండుగా ఉందమ్మా" అన్నారు. మూడు కిలోమీటర్ల అవతలున్న నీళ్ళు!

డాక్టరమ్మ విజిల్ ఊదింది. మొదటి ఎక్కుడు నాకు ఊపిరాడలేదు. "రాయి. రాయి. ఎత్తు. ఎడమ." ఇవే మాటలు. నా గొంతు, ఆయన అడుగు. కాసేపటికి నేను అంటున్నానో ఆయనే అడుగు వేసి నా చేత అనిపిస్తున్నారో తెలీలేదు. పదిమందిని దాటాము. దాటినప్పుడల్లా మాస్టారు "క్షమించాలి" అంటున్నారు, బస్సులో కాలు తొక్కినవాళ్ళలాగా.

కొండ నడినెత్తిన చెట్లు లేని చోటుంది. అక్కడికి చేరేసరికి సూర్యుడు మబ్బు కిందికి దిగాడు. అన్నయ్యా, నేను ఆ బాటన ఇరవై గురువారాలు వెళ్ళాను. అది నేను ఎప్పుడూ చూడలేదు. కింద రిజర్వాయరు మొత్తం ఎర్రబడి, కాల్చిన రేకులా వెలిగిపోతోంది. ఆ నీళ్ళ మీంచి పిట్టలు లేచాయి. వేలు. ఇద్దరు మనుషులు రెండు కొసలూ పట్టుకుని పెద్ద దుప్పటి ఒక్కసారి దులిపితే ఎలా లేస్తుంది, అలా లేచాయి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అల వెళ్ళింది. మళ్ళీ తిరిగి వచ్చింది.

నేను ఆగిపోయాను. జడ్జిగారు కూడా ఆగి, టోపీ తీసేసి నిలబడ్డారు.

"ఏముంది?" అన్నారు మాస్టారు.

నోరు తెరిచాను. "చెప్పలేకపోతున్నాను మాస్టారూ."

"వద్దు, చెప్పకు. తాడు ఆగింది. నీ చెయ్యి వణుకుతోంది. అంత గొప్పదన్నమాట." అలా అని ఆయన కూడా మొహం అటే తిప్పి నిలబడ్డారు. పిట్టలు మా నెత్తి మీదుగా వెళ్ళినప్పుడు, రెక్కల చప్పుడు వానలా పడింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎందుకు మూసుకున్నారో నాకు తెలీదు, అడగలేదు. మేము అక్కడ ఎంతసేపు ఉన్నామో కూడా తెలీదు.

అసలు సంగతి దిగుడులో. అక్కడ చెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని గుహలా ఉంటాయి. ఆ వెలుగంతా కళ్ళనిండా నింపుకుని లోపలికి వెళ్ళేసరికి నాకు ఏమీ కనపడలేదు. చెయ్యి కనపడలేదు. కాలు కనపడలేదు. అడుగు వేస్తే నేల ఉంటుందో ఉండదో. ముందు వెళ్ళినవాళ్ళు చేతులు చాపుకుని, గోడలు తడుముకున్నట్టు నడుస్తున్నారు. ఒకావిడ "ఎవరైనా దీపం తెచ్చారా?" అంటోంది. ఎవరూ తేలేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు అన్నయ్యా. రోజూ సాయంత్రం ఇలాగే ఉంటుందా నీకు? వెనక నలభై ఒక్కమందితో?

"మాస్టారూ, నాకేం కనపడటం లేదు" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, నాకున్న ఒక్క పనీ అదే కదా.

"మరి చెప్పవేం? ఇప్పుడు నువ్వు నా వెనక రా." తాడు ముందుకి లాగింది. ఆయన నాకంటే అరడుగు ముందుకి వెళ్ళారు. "ఇక్కడ గాలి చల్లబడింది, అంటే ఎడమవైపు లోయ. కుడికి ఉందాం. నాలుగు మెట్లలాంటి రాళ్ళు... ఒకటి, రెండు..." అడుగులు లెక్కపెడుతూ, గొంతు మామూలుగా, వాయిద్యం బాగుచేస్తూ మాట్లాడుతున్నట్టు. ఉన్నాయి అన్నయ్యా, సరిగ్గా నాలుగే రాళ్ళు.

"మాస్టారూ, మీ వెనకే మేమూ రావచ్చా?" జడ్జిగారి గొంతు.

"రండి. ముందున్నవాళ్ళ చొక్కా పట్టుకోండి."

అలా ఆరుగురు. నా చొక్కా జడ్జిగారు, ఆయన చొక్కా ఒక టీచరమ్మ, ఆవిడది ఇంకొకరు. చూపున్నవాళ్ళం ఏడుగురం, చూపులేని ఒక్క మనిషి వెనక, చీకట్లో గొలుసులా. గుళ్ళో కూడా జనం అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడలేదు.

సగం దిగాక ఆయన ఆగారు. "అందరూ ఊపిరి బిగబట్టండి."

బిగబట్టాం. నాకు నా గుండె తప్ప ఏమీ వినపడలేదు.

"కింద ఎవరో ఉన్నారు. ఎడమవైపు. పళ్ళు బిగించి ఊపిరి పీలుస్తున్నారు."

"ఎవరు?" అని జడ్జిగారు అరిచారు. జవాబు లేదు. మాస్టారు వంగి, మెల్లగా, "నాయనా, విన్నానులే. చెప్పు" అన్నారు.

అప్పుడు వచ్చింది గొంతు. "నేనే మాస్టారూ."

రాకెట్టు! అందరికంటే ముందు వెళ్ళినవాడు కాలు జారి పదిహేను అడుగుల లోతుకి పోయాడు. చీలమండ బెణికింది. లేవలేకపోయాడు. పక్కనుంచి ముప్పైమందికి పైనే వెళ్ళారట. అరవలేదు.

జడ్జిగారూ నేనూ పాక్కుంటూ దిగి, లాగి తీసుకొచ్చాం. వచ్చాక అతను ఏడుస్తున్నాడు, నొప్పికి కాదు. "రెండుసార్లు అరవబోయాను. సిగ్గేసింది మాస్టారూ."

"నయమే. నాకు రెండేళ్ళు పట్టింది" అన్నారు మాస్టారు.

అతని ఒక చెయ్యి మాస్టారి భుజం మీద, రెండోది జడ్జిగారి భుజం మీద. రిజర్వాయరు కట్ట మీదికి వచ్చేసరికి ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది. అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం, ఏదో దేశం నుంచి తిరిగొచ్చినట్టు. క్వారీ చేరేసరికి అందరికంటే ఆఖరు మేమే, తొమ్మిదిమందిమి ఒకేసారి గీత దాటాం. టైము రాసుకునే ప్లంబరు ఎవరిని ముందు రాయాలో తెలీక పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ చీలమండ చూసి, "పళ్ళయితే ఈపాటికి పీకేసేదాన్ని" అంటూ కట్టు కట్టింది.

అన్నయ్యా, నేను నీకు నీతులు చెప్పడానికి ఇది రాయలేదు. చీకటి మంచిదని కూడా అనను. ఆ అబ్బాయి ఇంకాసేపు అరవకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. కాని ఆ ఏడుగురిలో ఒకదాన్నిగా నడిచాను కాబట్టి చెబుతున్నాను. నువ్వు సీటు దిగితే ఏమీ లేకుండా పోతావని భయపడుతున్నావు. నిన్న నా ముందు నడిచిన మనిషిని నువ్వు చూసుంటే!

పిచ్చుక


ఇల్లు,
జూలై 6

పిచ్చుకా,

ఈ ఉత్తరం పట్టపగలు, కిటికీ పక్కన కూచుని, మీ వదిన గీతలు కొట్టిచ్చిన కాగితం మీద రాస్తున్నాను. కాబట్టి జారలేదు చూడు.

ముందు మీ వదిన సంగతి. నీ ఉత్తరం వచ్చిన రాత్రే చెప్పాను. చెప్పడానికి గంటసేపు తడబడ్డాను. అంతా విని ఆవిడ, "నాకు తెలుసు" అంది. "ఏడాది నుంచి కుర్చీలన్నీ గోడకి ఎందుకు జరుపుతున్నాననుకున్నారు? మీరు చెబుతారని చూస్తున్నాను" అంది. నేను ఇంట్లో దేనికీ తగులుకోవడం లేదని, నా చూపు అంత పాడవలేదని సంబరపడుతున్నాను ఇన్నాళ్ళూ! తర్వాత ఆవిడ కూడా కాసేపు తిట్టింది, నన్నూ, తననీ. నేను బస్సు తీసుకెళ్ళిన ప్రతి సాయంత్రమూ చెప్పకుండా ఊరుకున్నందుకు.

మర్నాడు డిపోకి వెళ్ళాను. మేనేజరు నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. అంతా చెప్పాను. స్తంభం సంగతి, తోపుడుబండి ఆవిడ సంగతి, వేరే పేరుతో డాక్టరుకి చూపించుకున్నది, ఏదీ వదల్లేదు. అతను నా లైసెన్సు తీసుకుని సొరుగులో పెట్టాడు. "మీ మీద విచారణ ఉంటుంది. తప్పదు" అన్నాడు. "ఉండాలి" అన్నాను. లేచి నా కుర్చీ దాకా వచ్చి, "చెప్పినందుకు..." అని ఆగిపోయాడు. విచారణ అయ్యాక కొత్త డ్రైవర్లకి రూట్లు నేర్పే పని ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. చూడాలి.

జూలై ఒకటి వచ్చింది. నువ్వు గేటు దగ్గర నిలబడాల్సిన అవసరం రాలేదు. కాని నాకే ఇంట్లో కాలు నిలవలేదు. సాయంత్రం బండి టైముకి డిపోకి వెళ్ళి, టికెట్టు కొనుక్కుని, డ్రైవరు వెనక మొదటి సీట్లో కూచున్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ బస్సులో టికెట్టు కొనడం అదే మొదలు. కండక్టరు టికెట్టిచ్చి నా పక్కనే కూచున్నాడు. నడిపేది కొత్తతను.

వంతెన దాటేసరికి చూపు పోయింది. ఎప్పటిలాగే కాలు బ్రేకు కోసం వెతుక్కుంది. తర్వాత గుర్తొచ్చింది, ఇవాళ భయపడాల్సిన పని లేదని. అది ఎంత బరువో, దించాకే తెలిసింది. కళ్ళు మూసుకున్నాను.

నమ్మవు గాని, నాకు అంతా తెలుస్తోంది పిచ్చుకా. ఒళ్ళు కుడికి ఒరిగింది, మార్కెట్టు మలుపు. సీటు కింద గరగర, ఫ్యాక్టరీ ముందు పాడైన రోడ్డు. సిమెంటు వాసన. ఇంజను గొంతు మారింది, కొండదారి మొదలు. నాకు తెలీకుండానే పైకి అనేస్తున్నాను. "ఇప్పుడు ఎడమకి. ఇక్కడ గొయ్యి. ఇప్పుడు గేరు మారుస్తాడు." అన్నీ సరిగ్గా అప్పుడే. పదకొండు మలుపులు, పదకొండూ చెప్పాను. చివరి మలుపు తిరిగి, లోయ వైపు గాలి కిటికీలోంచి మొహాన కొట్టినప్పుడు, ఆ కొండంతా నా ఒంట్లోనే ఉందనిపించింది. ఇరవై రెండేళ్ళుగా దాని మీద వెళ్ళాను, అది నాలోకి ఎప్పుడొచ్చిందో చూసుకోనే లేదు.

కండక్టరు నావైపు తిరిగి, అతని పది మాటల్లోంచి ఖర్చు పెట్టి, "అన్నా, అన్నీ తెలుసు కదా. మళ్ళీ ఎక్కరాదూ?" అన్నాడు. వేళాకోళమో, జాలో, నిజంగానే అన్నాడో.

బస్సు చివరి స్టాపులో ఆగింది. జనం దిగుతున్నారు.

"రోడ్డంతా తెలుసురా" అన్నాను. "అప్పుడే రోడ్డు మీదికి వచ్చే మనిషి ఒక్కరే తెలీదు. ఆ ఒక్క మనిషి కోసమే దిగాను."

అన్నయ్య